ఎండ రిజిస్టరులో పడిన వాన

తిమ్మసముద్రంలో ఒక వానలెక్కల ఆఫీసు ఉంది. దాని అసలు పేరు చాలా పొడుగు. బోర్డు మీద రెండు వరుసల్లో రాసినా పట్టక, చివరి మూడక్షరాలు గోడ మీద రాశారు. చుట్టుపక్కల ఏడు మండలాల్లో ఎప్పుడు ఎంత వాన పడిందో పైకి తెలియజేయడం దాని పని. ఆ సీమలో వాన పడడమే తక్కువ కాబట్టి ఆఫీసులో పని కూడా తక్కువే. ఆ తక్కువ పనిని పదకొండు మంది తలా కాస్త పంచుకుని, ఒకరికొకరు అడ్డం రాకుండా బతుకుతున్నారు.

అందులో సుంకమ్మ రికార్డు అసిస్టెంటు. వయసు అరవై ఒకటి. ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయునిపల్లె. ముప్పై మూడేళ్ళుగా ఆఫీసుకు నడిచే వస్తుంది, నడిచే పోతుంది. బస్సు లేక కాదు, బస్సు కోసం నిలబడితే కాళ్ళు పీకుతాయని. పొద్దున రాగి సంగటి తింటుంది, మధ్యాహ్నం మజ్జిగన్నంలో ఉల్లిపాయ నంజుకుంటుంది, చీకటి పడగానే ఇంత తిని పడుకుంటుంది. ఇవి మంచి అలవాట్లని ఆమెకు తెలియదు. అసలు అలవాట్లన్న సంగతే తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా జబ్బు సెలవు పెట్టలేదు.

ఆఫీసు వెనక ఆవరణలో వానడబ్బా ఉంటుంది. వాన వెలిసిన వెంటనే అందులోని నీళ్ళను గీతలున్న గాజు గొట్టంలో పోసి కొలిచేది సుంకమ్మే. కానీ వాన రిజిస్టరులో అంకె కింద సంతకం మాత్రం జూనియర్ అసిస్టెంటు స్థాయి ఉన్నవాళ్ళే పెట్టాలి. తను కొలిచిన వాన కింద ఒక్కసారైనా తన సంతకం ఉండాలని ఆమె కోరిక. ఆ ప్రమోషను ఫైలు పంతొమ్మిదేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి, ఆమె రిటైరు కావడానికి ఎనిమిది నెలలుందనగా, అన్ని సంతకాలతో తిమ్మసముద్రం చేరింది. సరిగ్గా అదే వారం సహజ ఆరోగ్య అలవాట్ల సర్క్యులరు కూడా చేరింది.

సర్క్యులరు ఒక్క పేజీయే. రోజూ కాస్త నడవండి, నీళ్ళు తాగండి, ఎండ తగలనివ్వండి, నవ్వండి, కంటినిండా నిద్రపోండి అని ఉంది అందులో. దానికి మార్గదర్శకాలు అరవై నాలుగు పేజీలు.

ఆఫీసు పెద్ద, డిప్యూటీ డైరెక్టరు ప్రభంజనరావు. ఆయన క్వార్టర్సుకూ ఆఫీసుకూ మధ్య నూట ఇరవై అడుగులు. ఆ దూరం జీపులో వస్తారు. అరవై నాలుగు పేజీలనూ ఆయన రెండు రోజులు చదివి, మూడో రోజు సిబ్బందినందరినీ పిలిచారు.

"సహజంగా జరిగేదాన్ని సహజంగా వదిలివేసినచో, అది సహజంగానే జరుగుతుందని హామీ ఏమిటి?" అని అడిగారు. "కావున సహజత్వాన్ని పర్యవేక్షించవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాలపై ఉన్నది. నేటి నుండి ఐదు రిజిస్టర్లు అమలులోకి వచ్చును. నడక, నీరు, ఎండ, నవ్వు, నిద్ర."

సుంకమ్మ మనసు కుదుటపడింది. ఇందులో తనకు కొత్తగా చేయాల్సిందేమీ లేదు.

"సార్, నేను దినామూ మా ఊర్నుంచి నడ్చే వస్తాండా కదా," అంది. "అదే రాసుకుంటే సరిపాయ."

ప్రభంజనరావు పేజీలు తిప్పారు. "నిబంధన పదిహేడు. గమ్యం ఉన్న నడక ప్రయాణం అనబడును. గమ్యం లేని నడక మాత్రమే వ్యాయామం అనబడును. మీరు ఆఫీసుకు చేరుకోవాలన్న ముందస్తు ఉద్దేశంతో నడుస్తున్నారు. అది చెల్లదు."

"నీళ్ళు తాగేది సార్?"

"దప్పికై తాగినవి దాహశాంతి పద్దులోకి పోవును. గంట కొట్టినప్పుడు తాగినవే ఆరోగ్య జలం."

"నిద్ర బాగా పడ్తాది సార్ నాకు."

"దానికి ఆధారమేమిటి? నిద్రలోకి జారిన క్షణాన సంతకం చేసి, సమయం వేసి, ఇద్దరు సాక్షులతో ధ్రువీకరింపజేయాలి."

"నిద్రపోయినాక సంతకం ఎట్ల పెట్టేది సార్?"

"అదే కదమ్మా," అన్నారు ప్రభంజనరావు ఎంతో ఓపికగా. "అలవాటు చేసుకోవాలి."

నెల తిరిగేసరికి మార్కులు వచ్చాయి. సూపరింటెండెంటు వజీర్ బాషాకు తొంభై ఆరు. బాషా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. కుర్చీలోంచి లేవకుండా, ఒక చేత్తో మిరపకాయ బజ్జీ తింటూ రెండో చేత్తో నెల మొత్తానికి నడక రాసేశాడు. మిగతా వాళ్ళకు ఎనభైకి తగ్గలేదు. సుంకమ్మకు సున్నా. నోటీసు బోర్డు మీద ఆమె ఫోటో అంటించి, కింద 'తీవ్ర అనారోగ్య అలవాట్ల ఉద్యోగి' అని ఎర్ర సిరాతో రాశారు. దాని పక్కనే ఇంకో కాగితం. అలవాట్ల పరీక్షలో డెబ్భై మార్కుల ధ్రువపత్రం లేనిదే ఎవరికీ ప్రమోషను ఇవ్వకూడదని.

బాషా ఆమెను పక్కకు పిలిచాడు. పదేళ్ళు చిన్నవాడు, ఆమెను అక్కా అంటాడు.

"అక్కా, నువ్వు కూడా రాసేయ్. ఏముంది అందులో?"

"నడవకుండా నడిచినానని ఎట్ల రాసేది బాషా సార్?"

"నువ్వు నడిస్తే నడవలేదంటాండారు. నేను నడవకపోతే నడిచినానంటాండారు. ఇంక ఇందులో నిజమేది, అబద్ధమేది?"

సుంకమ్మ ఆ రోజు దారి పొడుగునా ఆలోచించింది. అబద్ధం రాయడం తన వల్ల కాదు. సంతకం కావాలి. వాళ్ళు చెప్పినవన్నీ నిజంగానే చేసేస్తే పోతుంది కదా అనుకుంది. మరునాడు పోయి అదే మాట చెప్పింది.

ప్రభంజనరావు చాలా సంతోషించారు. ఆమె కోసం ప్రత్యేక సంస్కరణ ప్రణాళిక తయారు చేశారు. అందులో మొదటి అంశం వృథా నడక నివారణ. లెక్కకు రాని నడకలో ఎనిమిది కిలోమీటర్ల శక్తి వృథా అవుతోంది కాబట్టి, ఇకపై ఆమెను ఇంటి నుంచి తెచ్చి ఇంటి దగ్గర దింపడానికి ఆఫీసు జీపు పంపాలని.

జీపు రాయునిపల్లెకు వచ్చిన రోజు ఊరంతా చూసింది. సుంకమ్మకు పెద్ద పోస్టు వచ్చిందని కొందరు, కాళ్ళు పడిపోయాయని కొందరు అనుకున్నారు. రెండు గుంపులూ పలకరించడానికి వచ్చాయి. ఆమె రెండు గుంపులకూ మజ్జిగ పోసి పంపింది.

ఆఫీసులో పదిన్నరకు నడక. భవనం చుట్టూ బాణం గుర్తులు గీశారు. నలభై చుట్లు. ఎక్కడికీ చేరకూడదు కాబట్టి ప్రతి చుట్టూ మొదలుపెట్టిన చోటుకే తీసుకొస్తుంది. ముప్పావు గంటకొకసారి వాచ్‌మన్ హనుమప్ప గంట కొట్టేవాడు, అందరూ లేచి గ్లాసు ఎత్తేవారు. పదకొండు మందికీ ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. మే నెల మధ్యకు వచ్చేసరికి దాని ముందున్న వరుసకు కూడా ఒక రిజిస్టరు పెట్టాల్సి వచ్చింది. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆవరణలో కుర్చీలేసుకుని ఎండ. నాలుగింటికి నవ్వు. వానలెక్కల ఆఫీసు కాబట్టి నవ్వును కూడా తమ పద్ధతిలోనే నమోదు చేసేవారు. 'ఉత్తర గదిలో చెదురుమదురు నవ్వులు. రికార్డు గదిలో మోస్తరు. సూపరింటెండెంటు బల్ల పరిసరాల్లో ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ.' భారీ నవ్వులు బాషావి. రాను రాను అతని గొంతు బొంగురుపోయింది, ఫోనెత్తితే అవతలివాళ్ళు గుర్తుపట్టడం మానేశారు.

సుంకమ్మ మాత్రం అన్నీ శ్రద్ధగా చేసింది. అబద్ధం ఒక్క గీత కూడా రాయలేదు. నిద్రలో సంతకం పెట్టడానికి రాత్రంతా పెన్ను పట్టుకుని ఎదురుచూసేది. సాక్షులుగా కూర్చున్న పక్కింటి ఇద్దరు ముసలమ్మలు ముందు నిద్రపోయేవారు. ఆమెకు మాత్రం కళ్ళు మూతపడేవి కావు. నిద్ర కోసం చేసిన ప్రయత్నానికి కూడా మార్కులు పడి, రెండు నెలలకు ఆమె మార్కులు తొంభై ఒకటికి ఎక్కాయి. మోకాళ్ళు పట్టేశాయి. జీపు దిగేటప్పుడు ఆయాసం వచ్చేది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి జబ్బు సెలవు చీటీ రాసి ఇచ్చింది.

ప్రభంజనరావు చీటీ వెనక్కిచ్చారు. "తొంభై ఒక్క మార్కులున్న ఉద్యోగికి మోకాళ్ళ నొప్పి ఉండుటకు అవకాశం లేదు. మరోసారి విచారించుకోండి."

సుంకమ్మ విచారించుకుంది. నొప్పి ఉంది.

అప్పటికి జూను రెండో వారం. చేలన్నీ దున్ని పెట్టి రైతులు మబ్బు వంక చూస్తున్నారు. వేరుశనగ విత్తనం కాయలు మండల గోడౌనులో బస్తాలుగా ఉన్నాయి. కానీ కనీసం ఇరవై మిల్లీమీటర్ల వాన పడిందని వానలెక్కల ఆఫీసు నుంచి లెక్క వెళ్తేనే వాటిని పంచుతారు. రాయునిపల్లెలో ఎవరు కనబడినా సుంకమ్మను ఒకటే అడిగేవారు. "ఏమ్మా, మీ డబ్బాలో ఏమన్నా పడిందా?"

ఇంతలో ఆ అలవాట్ల సర్క్యులరు పంపిన రాష్ట్ర మిషన్ డైరెక్టరు హైమావతీదేవి వస్తున్నారని కబురు. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ సహజ కార్యాలయంగా తిమ్మసముద్రం ఎంపికైంది. షీల్డు మీద పేరు కూడా చెక్కించేశారట. మేడమ్ గారికి ఎండ గంటను ప్రత్యక్షంగా చూపించాలని ప్రభంజనరావు నిర్ణయించారు. రిజిస్టరు నీటుగా ఉండాలని ఆ రోజు పదిన్నరకే అందరిచేతా సంతకాలు పెట్టించి, పైన 'పదకొండు నుంచి పన్నెండు వరకు: తీవ్రమైన ఎండ' అని తన చేత్తో రాసి ధ్రువీకరించారు. సుంకమ్మ ఒక్కతే, కూర్చున్నాక పెడతానని ఆగింది.

పదకొండింటికి అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. పది నిమిషాలకు పడమటి కొండ మీద నుంచి మబ్బు వచ్చింది. ఒక చినుకు బాషా బట్టతల మీద పడింది. బాషా పైకి చూశాడు. ఆ తర్వాత ఎవరూ పైకి చూసే పని లేకుండా పోయింది.

"ఎవరూ కదలవద్దు!" అన్నారు ప్రభంజనరావు, కళ్ళజోడు మీద ధారలు కారుతుండగా. "సూర్యుడు మేఘముల వెనుక విధి నిర్వహణలోనే ఉన్నాడు. మేడమ్ గారు ఏ క్షణమైనా రావచ్చును."

పది మంది అలాగే కూర్చున్నారు. సుంకమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, వసారా కిందికి పోయి నిలబడింది. తడిసిన మట్టి వాసన ముక్కుకు తగిలింది. వానడబ్బా మీద చినుకుల చప్పుడు వింటూ ఎంత పడుతోందో అంచనా వేసుకుంటూ ఉండిపోయింది. అంత సంతోషం ఆమెకు రెండు నెలల్లో కలగలేదు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా వాన వెలిసింది. ఆమె డబ్బా తీసి గాజు గొట్టంలో నీళ్ళు పోసి కొలిచింది. అనుమానం తీరక రెండోసారి కొలిచింది. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. అంకె చెప్పడానికి ప్రభంజనరావు దగ్గరకు పోయింది. ఆయన చొక్కా అంచు పిండుకుంటున్నారు.

"సార్, వాన ముప్పై ఎనిమిది."

"ఏ వాన?"

సుంకమ్మ ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మీ మీద పడింది కదా సార్."

"ఇది చెమట," అన్నారు ప్రభంజనరావు. తర్వాత గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఎండ రిజిస్టరులో పది మంది సంతకాలు, నా ధ్రువీకరణ ఉన్నాయి. ఒకే కార్యాలయము, ఒకే గంటలో, తీవ్రమైన ఎండనూ భారీ వాననూ చూపినచో నేనేమని సమాధానం చెప్పుకోవాలి? ఈ వానను రెండు మూడు రోజుల తర్వాత పడినట్టు రాద్దాం."

"రెండు మూడు దినాలు పోతే నేల తడి ఆరి పదును పోతాది సార్. ఈ పొద్దే లెక్క పోవల్ల. ఇత్తనం రేపు ఇస్తే ఎల్లుండికి చేన్లో పడ్తాది. మళ్ళీ వాన ఎప్పుడొస్తాదో ఎవురికి తెల్సు?"

"మీకు తొంభై ఒక్క మార్కులున్నవి," అన్నారాయన. "మధ్యాహ్నం మీ ధ్రువపత్రంపై సంతకం చేయాలనుకుంటున్నాను. ఎండ రిజిస్టరులో మీ ఒక్కరి గడి మాత్రమే ఖాళీగా ఉన్నది. ఆలోచించుకోండి."

సుంకమ్మ రికార్డు గదిలోకి పోయింది. రెండు రిజిస్టర్లూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళు తిరిగిన ఫైలు గుర్తొచ్చి ఒక నిమిషం కూర్చుంది. చెయ్యి తుడుచుకుని, వాన రిజిస్టరు తెరిచి తేదీ వేసి ముప్పై ఎనిమిది అని రాసింది. కింద సంతకం పెట్టాల్సినవాళ్ళు బయట బట్టలు ఆరబెట్టుకుంటున్నారు. ఎవరూ పెట్టరని తెలుసు. తనే పెట్టింది. 'బి. సుంకమ్మ' అని, ఒక్కో అక్షరం విడివిడిగా. తర్వాత ఎండ రిజిస్టరు లాక్కుని తన పేరు ఎదురుగా 'ఎండ లేదు. వాన.' అని రాసింది.

బాషా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. జుట్టున్న చోటల్లా నీళ్ళు కారుతున్నాయి.

"లెక్క పైకి పంపేది నువ్వే కదా బాషా సార్," అంది సుంకమ్మ.

"నా పేరు కూడా ఉండాదక్కా ఆ ఎండ రిజిస్టరులో."

ఆమె వాన రిజిస్టరును అతని వైపు జరిపింది. బాషా అంకె చూశాడు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, చేతులు జేబు గుడ్డకు తుడుచుకుని, టకటకా కొట్టి పంపేశాడు. "రెండు నెలల్లో ఈ ఆఫీసులో నేను చేసిన మొదటి పని ఇదే," అన్నాడు బొంగురు గొంతుతో.

ఒంటిగంటకు హైమావతీదేవి కారు వచ్చింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, నీటి మడుగులు దాటుకుంటూ లోపలికి వచ్చారు. పూలగుత్తి అందుకోకుండానే అడిగారు. "దారంతా ఒకటే వాన. ఇక్కడ ఎంత పడింది?"

"ఆ అంశం పరిశీలనలో ఉన్నది మేడమ్," అన్నారు ప్రభంజనరావు.

"ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు మేడమ్," అంది సుంకమ్మ వెనక నుంచి. "లెక్క పైకి పాయ. గోడౌను కాడ కాయలు పంచను లైను కట్టిస్తాండారంట."

హైమావతీదేవి రెండు రిజిస్టర్లూ తెప్పించుకున్నారు. ఒకదానిలో తీవ్రమైన ఎండ. ఇంకోదానిలో ముప్పై ఎనిమిది. ఆవిడ అనుభవజ్ఞురాలు. పైగా పేరు చెక్కిన షీల్డు కారులోనే ఉంది, దాన్ని చెరపడం కుదరదు.

"ఎండా వానా ఏకకాలంలో సంభవించడం ప్రకృతిలో ఉన్నదే," అన్నారు ఆలోచించి. "ఎండావాన అని రాయండి. రెండు రిజిస్టర్లూ సక్రమమే."

ప్రభంజనరావు మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. అంతలో ఆవిడ వేలు వాన రిజిస్టరు అడుగున ఆగింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాది మేడమ్. రికార్డు అసిస్టెంటుని."

"రికార్డు అసిస్టెంటు సంతకం ఎలా చెల్లుతుంది?"

ప్రభంజనరావు నోరు తెరిచేలోపు బాషా ముందుకొచ్చాడు. ఫైళ్ళ దారులు బాషాకు తెలిసినట్టు ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియవు.

"చెల్లదు మేడమ్," అన్నాడు వినయంగా. "సంతకం చెల్లకపోతే వాన చెల్లదు. వాన చెల్లకపోతే ఈ పొద్దు పంచిన విత్తనం చెల్లదు. ఏడు మండలాల రైతులు కాయలు వెనక్కి తెచ్చియ్యల్ల. తెచ్చేలోపల విత్తేసింటే చేన్లో నుంచి ఏరల్ల. దానికి ఎంక్వయిరీ, ఎంక్వయిరీకి మీరే రావల్ల." ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆమె ప్రమోషను ఆర్డరు ఇక్కడే ఉండాది మేడమ్. దాన్ని వాన మొదలయ్యేదానికి పది నిమిషాల ముందు నుంచి వర్తించేటట్లు ఇస్తే అన్నీ చెల్లుతాయి."

హైమావతీదేవి ప్రభంజనరావు వంక చూశారు.

"ఎండ గంటలో లేచి వసారాలోకి వెళ్ళినందున అర్హత మార్కులు..." అని ఆయన మొదలుపెట్టారు.

"ప్రభంజనరావు గారూ," అన్నారావిడ. "ఆర్డరు ఇవ్వండి."

ఆర్డరు పదకొండు గంటల సున్నా నిమిషాల నుంచి వర్తించేలా తయారైంది. షీల్డు ఇచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. ఫోటోలో సుంకమ్మ చివర నిలబడి వాన రిజిస్టరును గుండెకు ఆనించుకుని ఉంది. ఆ సాయంత్రం ఆమె జీపు ఎక్కలేదు. తడి రోడ్డు మీద మోకాళ్ళు పట్టుకుంటూ, ఆగుతూ, చీకటి పడే వేళకు ఊరు చేరింది. సాక్షుల ముసలమ్మలను ఇంటికి పంపేసి పడుకుంది. తెల్లవారి కోడి కూసే దాకా మెలకువ రాలేదు. రాయునిపల్లెలో రెండు రోజుల్లో విత్తనం పడింది. ఇంకో పది రోజులకు ఆమె మోకాళ్ళు దారిలోకి వచ్చాయి, చేలల్లో మొలక కనబడింది.

ఆఫీసులో ఐదు రిజిస్టర్లూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. బాషా రాస్తున్నాడు. ప్రభంజనరావుకు మాత్రం ఆ వానలో పట్టిన జలుబు తగ్గాక తల తిరగడం మొదలైంది. డాక్టరు రక్తపోటు చూసి, రెండుసార్లు చూసి, నడవమన్నాడు. ఎన్ని చుట్లు, ఏ వేళ, ఏ రిజిస్టరులో అని ఆయన అడిగితే, డాక్టరు మందుల చీటీ మీద ఇంకో మందు రాశాడు.

ఒక రోజు పొద్దున సుంకమ్మ ఆఫీసుకు నడిచి వస్తుంటే, సగం దారిలో కల్వర్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికొస్తే ప్రభంజనరావు. బూట్ల నిండా ఎర్రమట్టి.

"ఇంత దూరం నడిచి వచ్చినారా సార్?"

"వచ్చాను. తిరిగి పోవడమే ఎలాగో తెలియడం లేదు."

"లేయండి. మెల్లగా పోదాం. పొద్దు ఇంకా చల్లగానే ఉండాది."

ఇద్దరూ నడిచారు. మొదట ఆయన అడుగులు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలించారు. సుంకమ్మ ఎవరి చేను ఏదో చూపిస్తూ, ఎవరు మొదట విత్తారో, ఎవరి మొలకను పిట్టలు పీకాయో చెబుతూ ఉంటే లెక్క ఎక్కడో తప్పింది. ఒక చోట ఆయన వంగి మొలకను వేలితో తాకి చూశారు. ఒక చోట ఆమె సీసాలో నీళ్ళు తాగారు. ఆయనకే తెలియకుండా ఆఫీసు గేటు వచ్చేసింది.

గేటు వేసి ఉంది. హనుమప్ప లోపల నుంచే కేకేశాడు. "సార్ ఈ పొద్దు రాడు! జీపు క్వార్టర్సు కాడనే ఉండాది!"

"తియ్యప్పా," అంది సుంకమ్మ. "సార్ నాతోటే ఉన్నాడు."

హనుమప్ప గేటు సందులోంచి చూశాడు. మట్టి బూట్లు, చెమట పట్టిన చొక్కా, ఎర్రబడిన మొహం. కంగారుగా గడియ తీశాడు.

"ఏమైంది సార్? జీపు చెడిపోయిందా?"

ప్రభంజనరావు ఒక నిమిషం గేటు పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. వచ్చిన రోడ్డు వైపు ఒకసారి తిరిగి చూశారు.

"లేదయ్యా," అన్నారు. "ఊరికే నడిచొచ్చాను. బాగుంది."